గుర్రంతాత చేసిన ఉపకారం

పిల్లలందరికీ అతను గుర్రంతాత. నలభై ఏళ్లుగా గుర్రాల మధ్యే బతికాడు. డెక్కలు గీకి శుభ్రం చేయడంలో, మాలీషు చేయడంలో అతని తర్వాతే ఎవరైనా. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, ఎవరైనా ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఊరుకోలేడు. జాలి మంచిదే, కాదనను. కానీ అడగని చోట వేలు పెట్టే జాలి ఉంది చూశారూ, అది కొంపలు ముంచుతుంది.

భయంతో, బెరుకుతో ముడుచుకుపోయే పిల్లలకు గుర్రపు స్వారీతో ధైర్యం నేర్పే చోట అతని పని. పగ్గం పట్టుకుని పక్కన నడవాలి, అంతే. అక్కడి డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది.

"బిడ్డ నోటితో 'పద' అంటేనే గుర్రం కదలాలి. గంట పట్టినా సరే, నువ్వు మధ్యలో కల్పించుకోకు తాతా."

ఒక ఏడేళ్ల పాప వచ్చింది. ఇంట్లో గలగలా మాట్లాడుతుందట, గడప దాటితే పెదవి విప్పదు. బడిలో రెండేళ్లుగా ఒక్క మాట లేదు. మొదటి రోజు గుర్రమెక్కి, జీను పట్టుకుని వణికిపోయింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు, కళ్లు నిండాయి. తాత ప్రాణం ఉసూరుమంది. ఎవరికీ వినపడకుండా నాలుకతో 'టక్' మనిపించాడు. గుర్రం కదిలింది. కంచె అవతలున్న తల్లీ, డాక్టరమ్మా పాపే గుసగుసగా 'పద' అందనుకుని మురిసిపోయారు. పాప నవ్వింది.

ఆ నవ్వు చూశాక ఇక మానతాడా? మూడు నెలలు అదే తంతు. "నేను మనసులో అనుకుంటే చాలు, గుర్రానికి వినపడుతుందమ్మా" అని పాప ఇంట్లో చెప్పిందంటే, మహానుభావుడు పొంగిపోయాడు కూడా!

ఒకరోజు జ్వరమొచ్చి తన బదులు అల్లుణ్ణి పంపాడు. సాయంత్రం అల్లుడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మామయ్యా, ఆ పాప మాట్లాడింది! 'పద' అని గట్టిగా అంది, మూడుసార్లు. మీ మొద్దు గుర్రమే అడుగెయ్యలేదు. కల్పించుకోవద్దన్నారుగా, నేనూ ఊరుకున్నా. పాపం, దిగి వాళ్లమ్మ వెనక దాక్కుంది."

గుర్రం మొద్దు కాదు. మూడు నెలలుగా అలవాటైన చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడింది. ఎన్నాళ్లకో ఆ పిల్ల నోరు తెరిస్తే, దాని మాటకు విలువ లేకుండా చేసింది తనే. తాత దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

తర్వాతి వారం పాప రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తాత డాక్టరమ్మ దగ్గర నిజం ఒప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది. పాప తల్లికి ఫోన్ కలిపి చేతికిచ్చింది. తల్లి అంతా విని, "నాకు కాదు, దానికి చెప్పండి" అని ఫోన్ పాప చెవి దగ్గర పెట్టింది.

"తల్లీ, నువ్వు చక్కగానే అన్నావు. నీ తప్పు లేదు, గుర్రం తప్పూ లేదు. నేనే దాన్ని పాడుచేశాను. ఒక్కసారి రామ్మా."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది. తాత ఫోన్ చెవికి అదుముకుని ఎదురుచూశాడు.

"విందండీ" అంది తల్లి. "తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నుంచి మాతో కూడా మాటలు తగ్గించేసింది."