గుమ్మడికాయ బరువు

ఎనభైల్లో ఒక మిరపకోతల కాలం. కూలీలంతా మిరపచేలల్లోనే ఉండటంతో కాగితం మిల్లు కోసం వేసిన నా సుబాబుల్ తోట నేనే కొట్టుకోక తప్పలేదు. పెట్రోలు రంపం కొందామని ప్రత్తిపాడులో గుంటూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన. కూతురింట్లో వడియాలు పెట్టడానికని బూడిద గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏ రంపం కొంటావబ్బాయ్?” అన్నాడు నా సంగతి విని.

“ఉన్నవాట్లో పెద్దదేనండీ. చిన్నవి మన్నవంటున్నారు.”

ఆయన కాయ తీసి నా చేతుల్లో పెట్టాడు. “ఒళ్లో ఆనించకుండా కాసేపు పట్టుకో.”

సరదాకి పట్టుకున్నాను. రెండు స్టాపులు దాటకముందే మోచేతులు లాగేయడంతో కాయను మెల్లగా ఒళ్లోకి దించాను.

ఆయన పకపకా నవ్వాడు. “నయం, ఇది వణకదు, అరవదు. అదైతే రెండూ చేస్తది. సాయంత్రందాకా పట్టుకోవాల్సింది నువ్వేగా?”

బ్రాడీపేట కొట్లో రంపాలను ఒక్కొక్కటే ఎత్తి, చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. కొట్టతను వింతగా చూశాడు. చివరికి చిన్నదే తెచ్చుకున్నాను.

నా తోట మళ్లీ మళ్లీ చిగిర్చింది, ఆ చిన్న రంపంతోనే మళ్లీ మళ్లీ కొట్టాను. సాయంత్రం దాన్ని కింద పెట్టి వచ్చాక, మా ఆవిడ ఇచ్చిన కాఫీ నా చేతిలో ఒక్కరోజూ తొణకలేదు.