ఇన్నాళ్లూ మోసింది కదా

మొన్న శ్రావణంలో మా బాబాయి పోయారు. శావల్యాపురంలో, ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, చేతిలో కాఫీ చల్లారకముందే. గుండె ఆగిపోయింది. పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి పలకటంలేదురా" అని మాత్రం అంది. నరసరావుపేట డాక్టరు గుండె పరీక్షలు చేయించుకోమని చెప్పి చాలా కాలమైంది. చేయించుకోలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే ఆయన పనేమిటో చెప్పాలి. విమానాలు దిగే రన్‌వే, దిగాక నడిచే టాక్సీవే ఎంత బరువు మోయగలవో తేల్చే ఇంజనీరు ఆయన. నాకూ ఆ పని నేర్పింది ఆయనే. ప్రతి రన్‌వే బలానికీ ఒక అంకె, దాని వెనక నాలుగు అక్షరాలు ఉంటాయి. పైన ఉన్నది కాంక్రీటా తారా, కింద నేల గట్టిదా మెత్తదా, టైరులో గాలి ఒత్తిడి ఎంతదాకా ఓర్చుకుంటుంది, ఇవి మొదటి మూడు. చివరి అక్షరం ఆ బలాన్ని ఎలా తేల్చారో చెబుతుంది. టి అంటే పరీక్ష చేసి, లెక్క కట్టి తేల్చింది. యు అంటే ఫలానా విమానం ఇన్నాళ్లూ తిరుగుతోంది, ఏమీ కాలేదు గనక మోస్తుందని రాసుకున్నది. నిబంధనలు రెండింటినీ ఒప్పుకుంటాయి. బాబాయి ఒప్పుకునేవారు కాదు.

"ఇన్నాళ్లూ మోసింది కదా అనేది సాక్ష్యం కాదురా. కింద ఏం జరుగుద్దో పైన తారుకేం తెలుసు?" అనేవారు. ఎండకు రాయై, వానకు ముద్దయ్యే నల్లరేగడిలో పుట్టిన మనిషి. నేలను ఊరికే నమ్మడం ఆయనకు చేతకాదు.

ఒకచోట పెద్ద విమానం రావాలని అందరూ తొందరపడుతున్నారు. "యు అని రాసెయ్యండి సార్, పోయేదేముంది" అన్నాడు అక్కడి మేనేజరు. బాబాయి వినలేదు. పళ్లెం మీద బరువు పడేసి, నేల ఎంత కుంగిందో కొలిచే బండిని టాక్సీవే అంతా తిప్పించారు. ఒక మూల ఎక్కువ కుంగింది. తవ్విస్తే కింద మట్టి తడితడిగా ఉంది. ఆయన అంకె తగ్గించేశారు, పెద్ద విమానం ఆగిపోయింది. అందరూ తిట్టారు. "తిట్టుకోనీరా. తిడితే టైరు దిగబడదు" అన్నారు.

అలాంటి మనిషి, రిటైరయ్యాక, కోటప్పకొండ మెట్ల మీద రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయారు. "ఏందండీ ఇది, పేట వెళ్లి ఆ డాక్టరు చెప్పిన పరీక్షలు చేయించుకుందాం రండి" అని పిన్ని బతిమాలింది. "ఏటా ఎక్కే కొండేగా. ఈ గుండె ఇన్నేళ్లూ మోసింది, ఇప్పుడేమైద్ది?" అన్నారు.

"బాబాయ్, నువ్వు యు రాసుకుంటున్నావు" అన్నాను.

ఆయన పిన్నికి వినబడకుండా, "పరీక్ష చేస్తే అంకె తగ్గుద్దిరా. తగ్గిందని తెలిసినాక మీ పిన్ని నన్ను గడప దాటనివ్వదు" అన్నారు. ఆయనకు తెలియక కాదు. తెలుసుకోవడానికి భయపడ్డారు.

శవాన్ని లేపేటప్పుడు పిన్ని ఏడవలేదు. "ఊరూరా నేలకి పరీక్ష చేశాడు. నా కోసం ఒక్కటి చేయించుకోలేకపోయాడు" అంది.

శ్మశానానికి రేగడి చేలోంచే దారి. ముందురోజు వానకు బాగా నానిపోయింది. పాడె ముందు కొమ్ము నా భుజం మీద ఉంది. అవతలి కొమ్ము మోస్తున్న పక్కింటి మావయ్య, "ఆగరా, ఇక్కడ దిగబడుద్ది" అంటూ కాలితో నొక్కి చూసి గానీ అడుగు వెయ్యలేదు. మేమూ అలాగే, గట్టిగా ఉన్నచోటు చూసుకుంటూ, ఆయన్ని మోసుకెళ్లాం.