తలకిందుల చార్టు

సోమవారం పొద్దున ధర్మవరంలో మా మేనత్త పోయింది. ఫోను పెట్టేసి ఏడుస్తాంటే ఆ చార్టు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. ఏం చేసేది!

అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. మగ్గం మీద పట్టుపోగు తెగితే ఇట్టే పట్టేసేది గానీ, వీధిలో ఎదురొచ్చే మనిషిని గొంతు వినేదాకా పలకరించేది కాదు. జనం పొగరనుకునేవాళ్లు. "ఆడోళ్లు కండ్లద్దాలు రాయగూడదని యాడన్నా రాసిపెట్టినారా పాపా?" అని ఎనభైల్లో నన్ను కండ్ల పరీక్షల చదువుకు పంపింది.

ప్రాక్టికల్‌లో ఒకసారి తప్పినా. పేషెంటు చెప్పిందల్లా నమ్మితివని తిట్టినారు. ఇంకోసారి తప్పితే లైసెన్సు లేదు, మళ్లా మగ్గమే. ఈసారి పేషెంటును మనమే తోడుకోని పోవల్లంటే, మేనత్త నాకంటే ముందు బస్సెక్కింది.

పరీక్షకు పెట్టింది చదువు రానోళ్ల చార్టు. మూడు పండ్ల దువ్వెన లాంటి గుర్తులు, కిందికి పోయేకొద్దీ చిన్నవైతాయి. పండ్లు ఎటుండాయో చెప్పల్ల. అట్లాంటిదే మా మగ్గం ఎదురుగోడకు తగిలించి, వీధి పిల్లోళ్ల మీద నేర్చుకునేదాన్ని.

పరీక్షలో ఆమె కంట్లోకి లైటేసి చూసినా. దూరపు చూపు బాగా తక్కువ. చార్టు చూపిస్తే మాత్రం చీమంత గుర్తుల దాకా గడగడా చెప్పేసింది!

"కండ్లు బాగుండాయి కదమ్మా?" అన్నాడు నాకు మార్కులేసే డాక్టరు. నేను చూసింది నమ్మల్లనా, మేనత్తను నమ్మల్లనా?

లేచి చార్టును తలకిందులుగా తగిలించినా. మేనత్త రవ్వంత కూడా తడుముకోకుండా, ముందు చెప్పిందే మళ్లా అప్పజెప్పింది.

డాక్టరు పొట్ట పట్టుకోని నవ్వినాడు. "నేను తప్పు చెప్తే నువ్వు ఫెయిలైతావేమోనని మనింటి చార్టు దగ్గరికి పోయి చూసి బట్టీ పట్టినా పాపా" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కొలిచిన అద్దాలు ఆమెకు పెట్టినా. చుట్టూ చూసి, గది ఆ కొసన కూర్చున్న డాక్టరుతో, "అయ్యా, మీ చొక్కాకు రెండో గుండీ లేదు, చూసుకోండి" అనింది.

ఆయన తడుముకోని చూసుకున్నాడు. ఆ చేత్తోనే నా కాగితం మీద పాస్ అని రాసినాడు.

లైసెన్సు వచ్చినాక నేను రాసిన మొదటి అద్దాలు ఆమెవే. అవి పెట్టుకోని అరుగు మీద కూర్చోని, వీధి మలుపు తిరిగిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచేది. ఇంటి గోడ మీది చార్టును కూడా తలకిందులుగా తిప్పేసింది. "ఇట్లుంటేనే మా పాప గెలిచింది" అనేది.

నిన్న ఇల్లు సర్దుతా ఎవరో దాన్ని సరిచేయబోయినారు. "ముట్టొద్దండప్పా!" అని అరిచినా. పెద్ద గుర్తు కింద, చిన్నవి పైన, మగ్గం ఎదురుగా అట్లనే ఉండాది. పక్కనున్న మేకుకు ఆమె అద్దాలు తగిలించి వచ్చినా.