మా తోడికోడలి మూడు నిమిషాలు

మా తోడికోడలికి నోట్లో నాలుక లేదని ఆమె కాపురానికి వచ్చిన వారంలోనే తేల్చేశాను. నా మరిది భార్య ఆమె. పద్దెనిమిదేళ్ళుగా మా నాటకశాలలో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటోంది. టికెట్ చింపుతుంది, సీటు నంబరు చెబుతుంది, నవ్వుతుంది. అంతకు మించి ఆమె మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. అందుకే అందరూ ఆమెను కిటికీ అంటారు. నన్ను మైకు అంటారు. ఎందుకో వేరే చెప్పాలా?

నాటకశాల మా మామగారు పెట్టినది. తొంభై సీట్లు, పైన రేకుల కప్పు, వాన పడితే నాటకంలో నాయకుడు గొంతు చించుకోవాల్సిందే. సంస్థ మాది గానీ హాలు పురపాలక సంఘానిది. మామగారు పోయాక తెర ముందు మాటలు, సభలు, పేపరువాళ్ళతో కబుర్లు అన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయంటే బాధగా కాదు, సంతోషంగానే మోశాను.

అలాంటప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. కళాసంస్థలు నడిపేవాళ్ళకు ఆరు నెలల శిక్షణ, శనివారం శనివారం తరగతులు. సంస్థను ఏడాది పొడుగునా ఎలా నడపాలి, మనుషులతో ఎలా పని చేయించుకోవాలి, అధికారుల ముందు నిలబడి కావలసినది ఎలా అడగాలి, ఇవన్నీ నేర్పుతారట. సంస్థకు ఒక్కరే వెళ్ళాలి. ఇంకెవరు వెళ్తారు? నేను కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నాను.

మా సంఘం అంటే మేము ఐదుగురం. మా ఆయన, మా మరిది, కిటికీ, నేను, లైట్లు చూసే తాత. చేతులెత్తమన్నారు. కిటికీ వెళ్ళాలని మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి మా ఆయనది! సగమే లేచింది, అయినా లేచింది. కిటికీ తన చెయ్యి ఎత్తలేదు, జాలిగా నా వైపు చూసింది. దాంతో ఇంకా మండింది నాకు.

"కోపం తెచ్చుకోకమ్మా," అన్నాడు తాత. "పోయినేడు జరిగిందే మళ్ళీ జరిగితే మనకి హాలుండదు."

పోయినేడు ఏం జరిగిందో చెబుతాను, దాచడానికేముంది. హాలు మాకిచ్చిన గడువు అయిపోయింది. పాత బల్లలూ కుర్చీలూ పడేసుకోవడానికి ఆ హాలు తమకే కావాలంది పురపాలక సంఘం. మా మాట చెప్పుకోవడానికి మూడు నిమిషాలిచ్చారు. నేను లేచి అధ్యక్షురాలి దగ్గర్నుంచి మైకు సరిచేసిన అబ్బాయి దాకా అందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పాను. తర్వాత మామగారి గొప్పతనం అందుకున్నాను. ఆయన మొదటి నాటకంలో రెండో అంకానికి వచ్చేసరికి గంట కొట్టేశారు. హాలు కావాలన్న ముక్క నా నోట్లోంచి రానేలేదు. పోనీలెమ్మని ఒక్క ఏడాది గడువిచ్చారు. ఆ ఏడాది కూడా దగ్గర పడింది.

సరే, కిటికీ వెళ్ళింది. శనివారాలు ఆమె బదులు టికెట్లకు నేను కూర్చున్నాను. వచ్చిన ప్రతివాడూ "కిటికీ గారు లేరా?" అనేవాడే. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయనైతే నేనిచ్చిన టికెట్ తిప్పి తిప్పి చూశాడు.

"ఆవిడైతే నేను అడక్కుండానే తలుపు పక్క సీటు ఇస్తారమ్మా," అన్నాడు.

"నేను ఆవిడను కాను," అన్నాను. ఆయన టికెట్ నేను మార్చలేదు, పాపం మధ్య వరుసలోకే కర్ర ఊతంతో వెళ్ళాడు.

ఇంటికొస్తే కిటికీ సంచి నిండా కాగితాలు. సంగీత పాఠశాల ప్రిన్సిపాలు తన పక్కన కూర్చుందట, బొమ్మలాటల పెద్దాయన టీ తెచ్చిచ్చాడట. అబ్బో, ఏం సంబడం! ఒకరోజు కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఇంటిపని ఇచ్చారు. నువ్వు ఒక నెల రాకపోతే మన హాల్లో ఏది ఆగిపోతుంది?"

"అన్నీ ఆగిపోతాయి," అన్నాను.

నవ్వుతుందేమో, కడిగి పారేద్దామని చూశాను. నవ్వలేదు. 'అక్క రాకపోతే: అన్నీ' అని పొందిగ్గా రాసుకుని వెళ్ళిపోయింది. కోప్పడే సందు కూడా ఇవ్వని మనిషితో ఎలా వేగేది?

పురపాలక సంఘం సమావేశం ఇంక పది రోజులుందనగా మళ్ళీ వచ్చింది.

"ముందు ఏం కావాలో ఒక్క మాటలో అడగమన్నారక్కా. తర్వాత ఒక్క మనిషి కథ చెప్పమన్నారు, ఈ హాలు వల్ల ఆ మనిషికి ఏం ఒరిగిందో. ఆ బస్సు డ్రైవరు రాసిన ఉత్తరం నీ దగ్గరుంది కదూ? ఒక్కసారి ఇస్తావా?"

భార్య పోయాక ఇంట్లో కూర్చోలేక మా నాటకానికి వచ్చి, ఆ రాత్రి మొదటిసారి నిద్రపోయానని రాసిన నాలుగు పేజీల ఉత్తరం అది. నా పేరున వచ్చింది. నా బీరువాలో, నా చీరల కింద ఉంది.

"ఎక్కడో పోయిందే. వెతికాను, దొరకలేదు," అన్నాను.

అబద్ధం చెప్పాను. హాలు పోతే నాకూ పోతుందని తెలియక కాదు. నా ఉత్తరం తీసుకెళ్ళి, నేను నిలబడ్డ చోట నిలబడి, ఆమె గెలుచుకొస్తే చూడలేననిపించింది. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ పది రోజులూ నాకు బాగా తెలిసింది. ఆమె దుస్తుల గదిలో విగ్గుల ముందు నిలబడి గడియారం పెట్టుకుని వల్లె వేసుకుంటుంటే తలుపు బయట నిలబడి వినేదాన్ని. తడబడితే హాయిగా ఉండేది. మర్నాడు ఆ తడబాటు ఉండేది కాదు.

సమావేశం రోజు మేమంతా వెనక బెంచీ మీద కూర్చున్నాం. కిటికీ మైకు దగ్గరికి వెళ్ళింది. నమస్కారం ఒక్కటే పెట్టింది.

"మా హాలు మాకు ఇంకో పదేళ్ళు ఇవ్వండి. అది అడగడానికే వచ్చాను," అంది.

సభ్యులు కాగితాల మీంచి తలలెత్తారు. నేను ఏడాది కిందట మింగేసిన ముక్క ఆమె గుక్క తిప్పుకోకముందే చెప్పేసింది. నా తల తీసేసినట్టయింది.

"ఇరవై ఆరేళ్ళ కిందట ఒక కొత్త కోడలు ఆ హాలుకొచ్చింది," అంది కిటికీ. "నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. ఒకరోజు ప్రకటన చెప్పే మనిషి రాలేదు. మామగారు ఆమెను తెర ముందుకు పంపారు. 'నాటకం మొదలవుతుంది' అని చెప్పడానికి మూడుసార్లు ఆగిపోయింది. జనం నవ్వలేదు. ఆమె చెప్పేదాకా ఆగారు. అందుకే మర్నాడు మళ్ళీ వచ్చింది."

ఆ కొత్త కోడలిని నేనే. ఆ సంగతి నేను ఒక్కరికే చెప్పాను. పద్దెనిమిదేళ్ళ కిందట, టికెట్ల కిటికీ ముందు జనం గుంపు చూసి భయపడి ఈ పిల్ల ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి పక్కన కూర్చుని చెప్పాను. చెప్పినట్టు నేనే మరిచిపోయాను.

"ఆవిడ పోయినేడు మీ ముందు మాట్లాడింది," అంది. కొందరు సభ్యులు నవ్వారు, వాళ్ళకు నేను బాగానే గుర్తున్నాను. "అవును, మూడు నిమిషాలు చాల్లేదు. నోరు పెగలని మనిషికి అంత మాట నేర్పిన హాలు అది. నాకింకా అర నిమిషం ఉంది. అది మా అక్కకి ఇస్తున్నాను."

మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. లేచాను. మైకు దగ్గరికి నడిచాను. మైకు పట్టుకుంటే నోరు తడారిపోయింది, ఆ మొదటి రోజు లాగే. వాళ్ళు కూడా ఆగారు.

"ఆ హాలు మాకు కావాలండీ," అన్నాను. వచ్చి కూర్చున్నాను. నేను కూర్చున్నాక గంట మోగింది.

పదిహేనుమందిలో పదకొండు చేతులు లేచాయి. పదేళ్ళు!

తిరుగు బస్సులో మా తోడికోడలి పక్కన కూర్చుని, "ఉత్తరం నా దగ్గరే ఉందే. కావాలనే దాచాను," అన్నాను.

ఆమె బస్సు టికెట్ మడతపెట్టింది. "నాకు చాలా కోపమొచ్చిందక్కా," అంది. "అది లేకపోయేసరికి మూడు రోజులు ఏం చెప్పాలో తోచలేదు. ఇంకెవరి కథా తెలీక నీది చెప్పాను."

"అడగకుండా చెప్పేశావు."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. నా కథ, నేను ఎన్నడూ చెప్పుకోలేనిది, నాకంటే బాగా చెప్పింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వచ్చే శనివారం ఆమెకు ఆఖరి తరగతి. టికెట్లకు నేనే కూర్చుంటాను. కర్ర పెద్దాయనకు తలుపు పక్క సీటు అడక్కుండానే ఇస్తాను. కిటికీ గారు లేరా అని అడిగితే మాత్రం ఊరుకోను.