పోయొస్తం అన్న మాటకు ఇంగ్లీషు

మా ముందుగదిలో గోడకు ఒక ఫోటో ఉంది. అందులో తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి వచ్చిన అధికారులు నలుగురు, ఢిల్లీ నుంచి వచ్చిన మనవాళ్లు ఇద్దరు, మొగుడంపల్లి వైపు అల్లం రైతులు ఓ పదిమంది ఉన్నారు. అందరికీ నడుమ కుర్చీలో మా తోడికోడలు కూర్చుంది. నేను లేను. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఎడమవైపు చివర ఒక మోచేయి, దాని మీద ఆకుపచ్చ జాకెట్టు అంచు కనిపిస్తాయి. ఆ మోచేయి నాది. ఫోటోను గోడకు తగిలించింది కూడా నేనే, ఎందుకంటే మా తోడికోడలికి మేకు కొట్టడం రాదు. ఆమెకు రాని పని అదొక్కటే అనుకుంటాను.

జహీరాబాద్ సర్కారు బడిలో ఇరవై ఆరేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసేవాళ్లు, హైవే మీద దుకాణాలు పెట్టుకున్నవాళ్లు చాలామంది నా బెత్తం రుచి చూసినవాళ్లే. ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా "టీచరమ్మ తాన చదివించుకో" అంటారు. మా తోడికోడలు బీదర్ దగ్గరి ఊరి పిల్ల. ఇంటర్ దాకా చదివింది. ఇంట్లో కన్నడం, బజారులో మరాఠీ, దోస్తులతో ఉర్దూ మాట్లాడుతూ పెరిగింది. తెలుగు పెళ్లయ్యాకే నేర్చుకుంది. ఇంగ్లీషు మాత్రం ఫోనులో బయటి రాష్ట్రాల అల్లం వ్యాపారులతో బేరాలాడుతూ పట్టేసింది. కింద పోర్షన్‌లో మేము, పైన వాళ్లు. అల్లం వేసే ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమే పెద్ద. నలుగురు కూర్చున్నచోటికి నేను వెళితే అందరూ లేచి నిలబడతారు. ఆమె వెళితే జరిగి చోటిస్తారు. చాలా ఏళ్లు నాకు దక్కేదే గొప్ప మర్యాద అనుకున్నాను.

రెండు దేశాల మధ్య వ్యవసాయంలో పెద్ద ఒప్పందం జరగబోతోందని, సంతకాలకు ముందు ఆ దేశం వాళ్లు మన ఊరు చూస్తారని బడికి కబురు వచ్చింది. పొద్దున ట్రాక్టర్ల కంపెనీ, తర్వాత అల్లం తోట, మధ్యాహ్నం రైతులతో మాటామంతీ. రైతుల మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఒక మనిషి కావాలన్నారు. హెడ్మాస్టరు ఇంకో పేరు ఆలోచించలేదు, నేనూ ఆలోచించనివ్వలేదు. రెండు దేశాల మధ్య కుర్చీ వేస్తే అందులో కూర్చునేది నేనే అని ఆ రోజు ఇంటిల్లిపాదికీ రెండేసి సార్లు చెప్పాను.

పది రోజులు పేపర్లు ముందేసుకుని పెద్ద పెద్ద మాటలన్నీ నోటుబుక్కులో ఎక్కించాను. వ్యూహాత్మక భాగస్వామ్యం, ద్వైపాక్షిక సహకారం, పరస్పర విశ్వాసం. ఎదురుగా ఇంగ్లీషు. ఒక సాయంత్రం మా తోడికోడలు కొత్తిమీర తీసుకుని కిందికి వచ్చి, నా భుజం మీంచి తొంగి చూసింది.

"వ్యూహాత్మకం అంటే ఏందక్కా?"

"ముందు వెనక ఆలోచన చేసి కట్టుకునే దోస్తానా చెల్లె. ఊరికే ఇష్టమని కాదు, ఇద్దరికి అక్కరకొచ్చేటట్టు."

"అంటే వియ్యం లెక్క."

"వియ్యం గాదు. ఇది దేశాల ముచ్చట."

"దేశాలైతే ఏంది? వియ్యంకులు గూడ గట్లనే కద. ఇల్లు చూస్తరు, పెట్టింది తింటరు, మంచిగ మాట్లాడుతరు, ఇంటికి పోయినంక ఖబర్ చేస్తరు."

నవ్వి పంపేశాను. ఆమె మెట్లెక్కాక నోటుబుక్కులో వియ్యం అని రాసుకుని, మళ్లీ నాకే చిన్నతనంగా అనిపించి కొట్టేశాను. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదని ఆ రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు. అప్పటికింకా ఎవరూ రానేలేదు, చూడండి.

వాళ్లు వచ్చిన రోజు పొద్దున ట్రాక్టర్ల కంపెనీలో నాకు పని లేకపోయింది. అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు. ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఇంజన్ల మధ్య వాళ్ల వెనకాలే నడిచాను. తోటకు వెళ్లాక నా వంతు వచ్చింది. ఒక పెద్దాయన అల్లానికి వచ్చే దుంపకుళ్లు గురించి చెప్పాడు.

"ఆకు పసుపెక్కేసరికి కింద దుంప ఎప్పుడో ఖరాబైతది సార్. పైకేం తెల్వది."

దాన్ని మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. వచ్చినవాళ్లు మర్యాదగా తలలూపారు. అంతే. వాళ్లకు పెద్ద ఒకావిడ, వాళ్ల రాయబార కార్యాలయంలో వ్యవసాయం చూసే అధికారి. నాకంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. ఆవిడ చెప్పులు విడిచి చాలులోకి దిగి, గట్టు మీద కూలబడింది. రైతుల్లో ఒకతెగా వచ్చిన మా తోడికోడలు వెళ్లి పక్కన కూర్చుంది. ఒక మొక్క పీకి, దుంప విరిచి, కొంగుతో మట్టి తుడిచి ఇచ్చింది. ఆవిడ కొరికి, కళ్లనీళ్లు పెట్టుకుని, పకపకా నవ్వింది. తర్వాత తన సంచీలోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో వాళ్ల ఊరి సొంఠి ఉంది. మా తోడికోడలు వాసన చూసింది.

"మేడం, యువర్ అల్లం, వెరీ ఘాటు!"

ఘాటు ఇంగ్లీషు మాట కాదని చెప్పడానికి నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడ అప్పటికే "ఘాటు, ఘాటు" అంటూ ఆ మాట నేర్చేసుకుంది.

మధ్యాహ్నం ఫంక్షన్ హాలులో కుర్చీలు వేశారు. ఒకవైపు వాళ్లు, ఒకవైపు రైతులు, నడుమ నా కుర్చీ. కూర్చుని నోటుబుక్కు తెరిచాను. ఆవిడ అటూ ఇటూ చూసి "సిస్టర్ ఏదీ?" అని అడిగింది. పొద్దున్నుంచీ నన్ను మేడం అంటోంది. గంటసేపట్లో మా తోడికోడలు సిస్టర్ అయింది. మన జిల్లా వ్యవసాయ ఆఫీసరు నా దగ్గరికి వచ్చి వంగి, మెల్లగా అడిగాడు.

"టీచరమ్మా, ఏమనుకోకున్రి, జర ఒక కుర్చీ పక్కకు జరుగుతరా?"

జరిగాను. నా కుర్చీలో మా తోడికోడలు కూర్చుంది. ఇంకో ఆఫీసరుకు చోటు చాలకపోతే ఇంకో కుర్చీ జరిగాను. అట్లా జరిగి జరిగి ఫోటో అంచు దాకా జరిగాను.

కడుపు మండింది. దీనికి ఇంకా నాజూకు మాట వెతకదలచుకోలేదు. ఆమె ఇంగ్లీషులో కర్త ఉంటే క్రియ ఉండదు, క్రియ ఉంటే కాలం ఉండదు. ఆమె చేసే ప్రతి తప్పుకూ నా వేళ్లు ఎర్రపెన్ను కోసం కదిలాయి. నేను తప్పులు పడుతూ కూర్చున్నాను. వాళ్లు మాత్రం ఎర్రనేల గురించి, వానల గురించి, అత్తల గురించి మాట్లాడుకుని నవ్వుకున్నారు. పొద్దున బిగుసుకుని ఉన్న రైతులు కూడా కుర్చీలు ముందుకు లాక్కున్నారు. పరస్పర విశ్వాసం అని నేను రాసుకున్నది నా కళ్లముందే, నేను లేకుండానే, తయారవుతోంది.

ఒప్పందం కాగితంలో యంత్రాలున్నాయి, విత్తనాలున్నాయి, శాస్త్రవేత్తల రాకపోకలున్నాయి. రైతుల రాకపోకల ఊసు లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు. ఇంతలో పాలు పిండే వేళయిందని రైతులు లేచారు. ఒక్కొక్కరే ఆవిడకు దండం పెట్టి "పోయొస్తం మేడం", "పోయొస్తం" అన్నారు. ఏమంటున్నారని ఆవిడ మా తోడికోడలిని అడిగింది.

"మేడం, దే సే, వి గో, వి కమ్. వి విల్ కమ్."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. మా దేశానికా, మీరంతా వస్తారా, ఎప్పుడు అని అడుగుతూనే పుస్తకం తీసి పెన్ను మూత విప్పింది.

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ నన్ను అడగలేదు. బడిలో పిల్లల ముందు నిలబడ్డట్టే నిలబడి, స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పాను. అది తప్పు అనువాదం అని, సెలవు తీసుకునేటప్పుడు మా వైపు ఊరికే అనే మాట అని, వీళ్లెవరూ మీ దేశానికి వస్తామనలేదని. ఒక్క వ్యాకరణ దోషం లేదు. పెన్ను ఆగిపోయింది. ఢిల్లీ ఆఫీసరు తన బూట్ల వంక చూసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లిన రైతులు ఏమైందోనని వెనక్కి తిరిగారు. ఆ నిమిషం నా ప్రాణానికి హాయిగా ఉంది. ఉన్నమాట రాస్తున్నాను, నా నోరు తీపెక్కినంత హాయిగా ఉంది.

ఆవిడ మా తోడికోడలి వైపు తిరిగి నిజమేనా అని అడిగింది. ఆమె నా వంక చూసింది. కోపం లేదు, సిగ్గు కూడా లేదు.

"మై అక్క టీచర్. షీ ఈజ్ కరెక్ట్. బట్ మేడం, మా ఊర్ల నో గో. గో ఈజ్ బ్యాడ్. ఓన్లీ కమ్. సో యూ కాల్, వి కమ్."

ముందు ఆవిడ నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని ఢిల్లీ ఆఫీసరుకు చూపించింది. ఆయన చూద్దాం అన్నాడు. నన్ను వెనకేసుకొచ్చి మరీ గెలిచిందే అని నాకు ఇంకా మండింది. తిడితే ఓర్చుకునేదాన్ని.

ఇంటికొచ్చి మా ఆయనతో జరిగిందంతా చెప్పాను, నా వైపు నుంచి. ఆయన అంతా విని, చాయ్ కప్పు కింద పెట్టి, "నీది కుళ్లు, ఇంకేం లేదు" అన్నాడు. ముఖం కడుక్కోవడానికి పోయి అద్దంలో చూసుకున్నాను. పొద్దున తోటలో ఆ పెద్దాయన చెప్పిన మాట నేను నా నోటితోనే ఇంగ్లీషు చేశానని అప్పుడు గుర్తుకొచ్చింది. నా ఆకు కూడా అందరికీ కనపడేటట్టే పసుపెక్కింది.

రెండు రోజులు మా తోడికోడలితో మాట్లాడలేదు. మూడో రోజు మెట్ల దగ్గర ఎదురైతే ఆపి అడిగాను.

"పోయొస్తం అంటే ఏందో నీకు తెలిసే గట్ల చెప్పినవా?"

"తెల్వకేందక్కా? నేను తెలుగు పెద్దయినంక నేర్చుకున్న. పోతున్న అనొద్దు, పోయొస్త అనాలె అని మొదటిరోజే అత్తమ్మ చెప్పింది. ఎందుకని అడిగిన. మళ్ల వచ్చే మనసున్నదని చెప్పనీకి అన్నది. నీకైతే పుట్టంగనే వచ్చింది మాట. ఎందుకని నువ్వెన్నడు అడగలే."

ఆ మాటకు అర్థం నేనెన్నడూ వెతకలేదు. ఇరవై ఆరేళ్లు అర్థాలు రాయించినదాన్ని.

ఢిల్లీలో సంతకాలయ్యాయి. తర్వాత కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది, ఎనిమిది మంది రైతులు పదిహేను రోజులు వాళ్ల దేశంలో ఉండాలని. వాళ్ల తరఫున మాట్లాడటానికి ఫలానా సోదరి రావాలని. ఆ ఉత్తరం తెచ్చి నా చేతనే చదివించుకుంది. గొంతు మారకుండా చదివాను. పాస్‌పోర్టు కాగితాలు కూడా నేనే నింపాను. పేరు స్పెల్లింగులో ఒక అక్షరం తప్పు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పెన్ను ఆ గడి దగ్గర కాసేపు ఆగింది. సరిగ్గానే రాశాను కానీ, ఆగిందన్నది నాకు తెలుసు.

అల్లం విత్తు పెట్టడం అయిపోయాక ప్రయాణం. పొద్దున్నే గేటు ముందు బండి ఆగింది. రైతులు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. ఆమె కొత్త సంచీ భుజాన వేసుకుని, మన అల్లం దుంప చిన్నదొకటి రుమాలులో కట్టి పట్టుకుని వచ్చింది. దుంప విమానంలోకి రానివ్వరని చెప్పాను. అయ్యో అని, మూట నా చేతిలో పెట్టింది.

"పోయొస్త అక్కా."

"ఊ. పో."

అనేశాను. అనుకుని అన్న మాట కాదు, కానీ ఏ మనసుతో అన్నానో నాకు తెలుసు. ఆ నడిమి కుర్చీ, ఆ సిస్టర్ అన్న పిలుపు, ఆ ఉత్తరం, అన్నీ కలిపి ఆ ఒక్క అక్షరంలో పెట్టాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. సంచీ కింద పెట్టేసింది.

"పో అంటే ఎట్ల అక్కా? పోయిరా అను. అనకుంటే నేను బండెక్క."

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వడం లేదు. మొదటిసారి ఆమె కళ్లలో భయం కనిపించింది. అన్ని భాషలు వచ్చినదానికి, అంత దూరం పోవడానికి, ఇంట్లోంచి ఒక మాట కావాలి. ఆ మాట నా దగ్గరే ఉంది. ఇన్నాళ్లుగా నేను కోరుకున్నది అదే, ఆమె దగ్గర లేనిది నా దగ్గర ఉండటం. దాన్ని బిగబట్టుకుని ఉండాలని ఒక క్షణం అనిపించింది కూడా.

"పోయిరా చెల్లె."

"గిది ఇంగ్లీషుల ఎట్లనాలె అక్కా? మేడం అడుగుతది."

వెతికాను. దొరకలేదు.

"నాకు రాదు. నువ్వే చెప్పు. నువ్వైతే మంచిగ చెప్తవు."

బండి హైవే ఎక్కి హైదరాబాద్ వైపు తిరిగింది. ఆ దుంపను గేటు పక్కన మట్టిలో పాతాను. పదిహేను రోజులూ నా కుళ్లు నాతోనే ఉంది. అక్కడ ఆమె ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాకపోతే బాగుండని కూడా అనుకున్నాను. అనుకుంటూనే రోజూ పొద్దున ఆ మట్టికి నీళ్లు పోస్తూ, ఎవరూ వినకుండా, పోయిరా అన్నాను.