రాకాసి కీచురాళ్ళకు గొంతు ఇచ్చిన రాత్రి

పిల్లల మీద ఒట్టు పెట్టకూడదంటారు. నాకు ఇంట్లో ఇద్దరు, బడిలో ముప్పై ఇద్దరు. ఇంతమందిలో ఎవరికి ఏమైనా తప్పు నాదే అవుతుంది కాబట్టి ఒట్టు వేయను. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఇది నాకే జరిగింది. పక్కన మా తమ్ముడున్నాడు, మా మేనమామ ఉన్నాడు. అనుమానం ఉంటే వాళ్ళనే అడగండి. తమ్ముడు అడగకపోయినా చెబుతాడు. మామ అడిగినా చెప్పడు. నన్నడిగితే ఆయన చెప్పకపోవడమే పెద్ద సాక్ష్యం...

మా తమ్ముడు వెంకటేశు మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు సినిమాలు తీస్తాడు. అన్నీ పురుగుల సినిమాలే. మనుషుల్ని చంపే పురుగులు. మొదటిది నరమాంసం తినే చీమల కథ. మామ కాలికి బెల్లం పాకం పూసి నిజం చీమల్నే వదిలాడు. అందులో మామ నటన అద్భుతంగా ఉంటుంది. అది నటన కాదు కాబట్టి. రెండోది రాక్షస జెర్రి. దాన్ని పాత మోటారు బెల్టుతో చేశాడు. అందులోనూ చచ్చింది మామే. నెట్‌లో పెడితే చూసినవాళ్ళు పడీ పడీ నవ్వారు. "నవ్వలేక చచ్చినాం అన్నా, నీ జెర్రి నిజంగానే మనుషుల్ని చంపుతాది" అని ఎవరో రాశారు.

అయినా నాకు గర్వమే. ఇటు గిద్దలూరు నుంచి అటు యర్రగొండపాలెం దాకా పురుగుల సినిమా తీసిన మొనగాడు మా వాడొక్కడే. ఇంకెవరికీ తీయాలనిపించకపోవడం వల్ల కావచ్చు. మొదటి ర్యాంకు మొదటి ర్యాంకే కదా!

మూడో సినిమా పేరు 'రాకాసి కీచురాళ్ళు'. ఈసారి నెట్‌లో పెట్టేముందు ఒక ఫంక్షన్ హాల్లో, తెర కట్టి, జనం మధ్య వేయాలనుకున్నాడు. తెలిసిన ఆయన ఒక సాయంత్రం హాలు ఇస్తానన్నాడు. ఆ కబురు చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఈసారి గూడ నవ్వినారంటే కెమెరా అమ్మేస్తా. సెల్లులు బాగుచేసుకుంటా గమ్మునుంటా."

వాడు తమాషాకి అనలేదు. చిన్నప్పుడు సైకిల్ పోయినప్పుడు విన్నాను ఆ గొంతు. మళ్ళీ ఇప్పుడే.

పురుగు బాగానే కుదిరింది. థర్మాకోల్ ఒళ్ళు, బూటు పాలిష్ రంగు, సైకిల్ పుల్లల కాళ్ళు, చీపురు పుల్లల మీసాలు. కనబడినంతసేపు పరవాలేదు. గొంతు విప్పితేనే పరువు పోతుంది. ఫోన్లోంచి దించుకున్న శబ్దం కుక్కర్ విజిల్‌కి జలుబు చేసినట్టుంది.

"గొంతు నేనిస్తాను" అన్నాను.

పలక మీద బలపాన్ని నిలువుగా పట్టి గీకితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పళ్ళు జివ్వుమంటాయి. మార్కాపురం పలకల ఊరు. ఇప్పుడు మా పలక పిల్లల చేతుల్లో తక్కువ, డబ్బున్న వాళ్ళ గోడల మీద ఎక్కువ. కానీ మా ఇంట్లో ఇంకా నాలుగున్నాయి. కీచురాయి అంటే ఊళ్ళన్నిటికీ పురుగే. మా ఊళ్ళో అయితే రాయే కీచుమంటుంది.

ఇంట్లో గీకాం. ఫ్యాను శబ్దం పడింది. ఫ్యాను ఆపాం. పక్కింటి టీవీ సీరియల్లో అత్తగారి ఏడుపు పడింది. రాకాసి కీచురాయి వెనక అత్తగారు ఏడుస్తుంటే ఎవరు భయపడతారు? కోడలు తప్ప.

అందుకని రాత్రి పూట పాత క్వారీకి వెళ్ళాం.

ఊరికి దూరంగా ఉన్న పలకరాయి గని అది. పని ఆగిపోయి ఏళ్ళయింది. మెట్లుమెట్లుగా కిందికి దిగుతుంది. అడుగున నల్లగా నీళ్ళు. ఎక్కడ అడుగేసినా పలక ముక్కలు గలగలమంటాయి. పిచ్చయ్య మామ వయసులో అక్కడే రాయి కొట్టాడు. ఇప్పుడు గట్టు మీద గొర్రెల దొడ్డి వేసుకున్నాడు. బ్యాటరీ లైటు పట్టుకుని ఆయనే ముందు దిగాడు.

"ఈసారి గూడ నన్నే సంపుతావా రా ఎంకటేశూ?"

"నువ్వు సచ్చినంత బాగా ఇంకెవురు సస్తారు మామా?"

"అదీ నిజమేలే" అన్నాడు మామ. గర్వం మా ఇంటి జబ్బు.

"మామా, మీరు పని చేసేటప్పుడు రాత్రిళ్ళు ఇక్కడుండే వాళ్ళా?" అని అడిగాను.

"పొద్దు గూకినాక రాయి ముట్టుకునేవాళ్ళం కాదమ్మీ."

నేను మెట్టు మీదే ఆగాను. "ఎందుకని?"

"ఎందుకేంది? మేస్త్రీ కూలి ఇయ్యడు గనక."

నవ్వుకుంటూ కూర్చున్నాం. తమ్ముడు మైకుకి మామ గొర్రెల బొచ్చు చుట్టాడు, గాలి తగలకుండా. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చుట్టూ అసలు కీచురాళ్ళు అరుస్తూనే ఉన్నాయి. వాటి గొంతు మాకు పనికిరాలేదు. మరీ కీచురాళ్ళలాగా ఉంది.

నేను మొదలుపెట్టాను. మూడు పొడుగు గీతలు, ఒక పొట్టి గీత.

కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్.

ఎదుటి రాతి గోడకి తగిలి తిరిగి వచ్చింది. సన్నగా, కొంచెం ఆలస్యంగా. కిర్ర్ర్ర్... తమ్ముడు బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు ఒళ్ళు పొంగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఇన్స్‌పెక్షన్‌లోనూ ఎవరూ నాకలా వేలెత్తి చూపలేదు. ఎత్తిన వేళ్ళన్నీ వేరే రకం.

పది నిమిషాలు గీకి ఉంటాను.

అప్పుడు... కీచురాళ్ళు ఆగిపోయాయి.

ఒకటీ రెండూ కాదు. అన్నీ. కరెంటు పోతే ఫ్యాను ఆగినట్టు కూడా కాదు. ఫ్యాను మెల్లగా ఆగుతుంది. ఇవి ఒక్క దెబ్బకు ఆగాయి. నా చెవుల్లో నా రక్తం నడిచే చప్పుడు వినబడింది.

మంచిదే కదా, శబ్దం శుభ్రంగా వస్తుంది అనుకున్నాను. గీకాను. ఎదుటి నుంచి తిరిగి వచ్చింది. కాకపోతే... ఇందాకటి కంటే తొందరగా వచ్చింది.

నేనే నెమ్మదించానేమో అనుకున్నాను.

మళ్ళీ గీకాను. ఈసారి నాతోపాటే వచ్చింది. నాదీ దానిదీ ఒకే గొంతులా కలిసిపోయాయి.

చేయి ఆపాను. బలపం పలకకు ఇంకా జానెడు ఎత్తున ఉంది. తగలలేదు. ఇప్పటికీ చెబుతాను, తగలలేదు...

కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్.

అటు నుంచి. మూడు పొడుగు. ఒక పొట్టి.

తర్వాత నిశ్శబ్దం. ఖాళీ నిశ్శబ్దం కాదు. బడిలో నేను ఒక మాట చెప్పి, పిల్లలు తిరిగి అనే వరకు ఆగుతానే... అలాంటిది. ఎదురుచూసే నిశ్శబ్దం.

భయం అప్పుడు వేయలేదు. తర్వాత వేసింది. నా చేయి దానంతటదే కిందికి దిగింది. మూడు పొడుగు, ఒక పొట్టి గీకింది. అటు నుంచి మళ్ళీ వచ్చింది. నేను మళ్ళీ గీకాను. ఇరవై ఏళ్ళుగా నేను చెబితే పిల్లలు తిరిగి అన్నారు. ఆ రాత్రి మొదటిసారి... నేను తిరిగి అంటున్నాను.

మామ నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. బలపం విరిగింది. లైటు ఎదుటి గోడ మీద వేశాడు. నల్లటి రాయి. పొరలు పొరలుగా, తడిగా. ఇంకేమీ లేదు. శబ్దం ఈసారి కొంచెం కింద నుంచి వచ్చింది. లైటు కిందికి దించాడు. ఏమీ లేదు. ఇంకా కింద నుంచి వచ్చింది, నీళ్ళ దగ్గర నుంచి.

ఒక చిన్న పలక ముక్క జారి నీళ్ళలో పడింది. బుడుంగ్.

అంతే. కీచురాళ్ళన్నీ ఒక్కసారే మళ్ళీ మొదలుపెట్టాయి.

"పదండి" అన్నాడు మామ.

"మామా, ఒక్క నిమిషం. రికార్డింగు బ్రహ్మాండంగా..."

"పద అంటినే!"

రెండు సినిమాల్లో అంత ధైర్యంగా చచ్చిన మనిషి... మా ఇద్దరినీ దాటి ముందు పైకి చేరాడు. దొడ్డిలో గొర్రెలన్నీ లేచి నిలబడి, క్వారీకి దూరంగా ఉన్న మూలకు ఒత్తుకుని ఉన్నాయి. మామ వాటి మధ్యకే వెళ్ళి కూర్చున్నాడు.

అదేం శబ్దమని తెల్లారి మామని అడిగాను.

"పగలు ఎండకు కాగిన రాయి అమ్మీ. రాత్రి సల్లబడేటప్పుడు అట్ల పలుకుతాది."

"మూడు పొడుగు, ఒక పొట్టి లెక్కన పలుకుతుందా?"

మామ వంగి ఒక గొర్రె కాలిలో ముల్లు వెతికాడు.

"పోనీ, రాయే అయితే నువ్వెందుకు పరిగెత్తినావు మామా?"

"నేను యాడ పరిగెత్తినా? దిగుడు గదా, కాళ్ళు వాటంతటవే పోయినాయి."

"మామా, మనం ఎక్కినాం."

మామ కండువా దులుపుకుని గొర్రెల్ని తోలుకుని పోయాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

రెండు రోజులకి తమ్ముడు దుకాణంలో నాకు రికార్డింగు వినిపించాడు. అందులో రెండు శబ్దాలున్నాయి. ఒకటి దగ్గర, ఒకటి దూరం. దగ్గరది ఆగిన చోట కూడా దూరంది ఉంది. వాడు ఆ చోటునే మళ్ళీ మళ్ళీ వేశాడు.

"ఏమనుకోవద్దక్కా. నీది బాగుంది. కానీ పలక మాదిరుంది."

"మరి అది?"

"అది... పురుగు మాదిరుంది."

సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను. ముందు నాకు భయం వేయలేదు, కుళ్ళు పుట్టింది. పోటీలో ఎవరున్నారో తెలియకుండా రెండో ర్యాంకు!

"నువ్వు వద్దంటే తీసేస్తా. నీదే పెడతా" అన్నాడు వాడు. కళ్ళు మాత్రం ఇంకో మాట అంటున్నాయి. నాది పెడితే జనం నవ్వొచ్చు. నవ్వితే ఆ కెమెరా ఉండదు. అది పెడితే... ఏమవుతుందో నాకు తెలియదు.

"అదే పెట్టు" అన్నాను.

ఫంక్షన్ హాలు నిండింది. చుట్టాలు, వాడి దుకాణానికి వచ్చేవాళ్ళు, మా బడి పిల్లల తల్లిదండ్రులు. తెర మీద థర్మాకోల్ కీచురాయి తల ఎత్తింది. వెనక వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. నవ్వు వరుసలు దాటుకుంటూ ముందుకు వస్తోంది. తమ్ముడు తల వంచుకున్నాడు.

అప్పుడు అది పలికింది.

కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్ర్ర్ర్... కిర్.

నవ్వు సగంలో తెగింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో పెట్టుకుంది. పక్కనున్న ఆయన పెట్టుకున్నాడు. తర్వాత వరుస. ఆ తర్వాత వరుస. హాలంతా జనం కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నారు. నేలను తాకిన కాలు ఒక్కటి లేదు. నా జీవితంలో అంత అందమైన దృశ్యం చూడలేదు. తమ్ముడు తల ఎత్తి చూశాడు. వాడి ముఖం చూడాలి మీరు! వాడు కెమెరా అమ్మలేదు. అమ్మడు కూడా.

లైట్లు వేశాక కూడా కొందరు కాళ్ళు వెంటనే దించలేదు. తర్వాత వచ్చి నన్ను చుట్టుకున్నారు. "టీచరమ్మా, ఆ శబ్దం ఎట్ల చేసినావమ్మా?" "మా వాడు నీ క్లాసంటే ఇందుకేనా భయపడేది?" నేను నవ్వాను. గర్వంగానే నవ్వాను. దాచను.

ఒక కుర్రాడు మాత్రం తమ్ముడి దగ్గరకు వెళ్ళి మెల్లగా చెప్పాడు. "అన్నా, చివర పేర్లలో తప్పు పడింది. 'శబ్దం: రమాదేవి టీచర్ మరియు' అని చుక్కలున్నాయి. ఒక పేరు ఎగిరిపోయినట్లుంది, సరిచెయ్యి."

తమ్ముడు నా వైపు చూశాడు. ఆ చుక్కలు నేనే పెట్టించాను. పక్కవాడి పలకలో చూసి రాసి నాదే అనకూడదని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. నేనెట్లా అంటాను?

పేరు ఎగిరిపోలేదు బాబూ. తెలిస్తే రాయించనా...