నాలుగు మూలలు, ఒక మధ్య ముక్క

మిన్నెసోటా పడమటి కొసన, మా ఊరి ధాన్యం గోదాములో పనిచేసే లోవెల్ ట్వైట్ నోరు తెరిస్తే కోతలే. ఒక ఏడు గాలి ఎంత బలంగా వీచిందంటే, వాళ్ళ పొలంలో నాటిన మొక్కజొన్న పక్క జిల్లాలో మొలిచిందట. కోతకి వాళ్ళ నాన్న అక్కడికే ట్రాక్టరు తోలుకెళ్ళాడట. పదో తరగతిలో అతను బడి మానేశాడని మిగతావాళ్ళం అంటాం. అతని లెక్కలో బడే అతన్ని భరించలేక మానేసింది. అలాంటివాడు ఒక్క విషయంలో మాత్రం నిజం చెప్పేవాడు: తన ఇంటి కింది గదిలో, పెద్ద ఫ్రీజర్ అడుగున, చనిపోయిన తల్లి చేతి హాట్‌డిష్ ఇంకా ఉందని. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

ఆ తల్లి పేరు బోర్గిల్డ్. ప్రతి బుధవారం రాత్రి వాళ్ళింట్లో హాట్‌డిషే. గాజు ట్రేలో అడుగున బీఫ్ ఖైమా, దాని మీద బీన్స్, డబ్బా పుట్టగొడుగుల సూపు, అన్నిటికీ పైన బంగాళదుంప బిళ్ళలు సైనికుల్లా వరసలు కట్టేవి. ఓవెన్‌లోంచి తీసేసరికి మూలలు కరకరలాడుతూ ఎర్రగా ఉండేవి. ట్రేకి మూలలు నాలుగు, తినేవాళ్ళు అయిదుగురు. తాతకొకటి, నాన్నకొకటి, అక్క కార్లీన్‌కొకటి, లోవెల్‌కొకటి. "మీరు తినండి. నాకేం, ఆ మధ్యది తింటాలే," అనేది బోర్గిల్డ్. ఆ మాట వెనకాల ఒక నిట్టూర్పు కూడా వడ్డించేది. పిల్లలిద్దరికీ మూల ముక్క గొంతులో అడ్డంపడేది. అయినా మింగేవాళ్ళనుకోండి.

ఇక గొడవ సంగతి. మావాళ్ళలో ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి "సరే, కొంచెం" అనాలి. మొదటిసారికే చెయ్యి చాపినవాణ్ణి తోడేలంటారు. మూడోసారి అడగనివాణ్ణి అనే మాట చర్చికెళ్ళేవాళ్ళు పైకి చెప్పేది కాదు.

బోర్గిల్డ్‌ని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం అక్కాతమ్ముళ్ళు ఆవిడ వంటిల్లు సర్దుతుంటే ఫ్రీజర్‌లో ఆ ట్రే దొరికింది. పైన అంటించిన టేపు మీద ఆవిడ చేతిరాతతో 'బుధవారం' అని ఉంది.

"ఇది నువ్వు తీసుకెళ్ళక్కా."

"వద్దులేరా, నువ్వే ఉంచుకో."

"పరవాలేదు, తీసుకెళ్ళు."

"అబ్బే, మా ఫ్రీజర్‌లో చోటెక్కడిది?"

సరిగ్గా అప్పుడే బయటినుంచి ఎవరో ట్రక్కు అడ్డం తీయమని లోవెల్‌ని కేకేశారు. తీసి వచ్చేసరికి మూడోసారి అడగాలన్న సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది. ట్రే చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. కార్లీన్ ఏమీ అనలేదు. మావాళ్ళలో అంతకు మించిన తిట్టు లేదు.

తమ్ముడితో మాటలు మానేయలేదామె, అది మర్యాద కాదు కదా. రెండేళ్ళపాటు వాతావరణం గురించి మాత్రమే మాట్లాడింది. లోవెల్‌కి తప్పు ఎక్కడ జరిగిందో వారం తిరక్కముందే తెలిసింది. కానీ అప్పుడు పట్టుకెళ్ళి ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఒక్కడే తింటే దొంగతనం చేసినట్టు. అందుకే ట్రే అలాగే ఉండిపోయింది.

మొన్న జూలైలో గాలివాన ఊరి కరెంటు తీగలన్నీ తెంపేసింది. మర్నాటికి ఫ్రీజర్ కింద మడుగు కట్టింది. లోవెల్ ట్రే బయటికి తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. మధ్యలో ఇంకా గడ్డగానే ఉంది, అంచులు మెత్తబడుతున్నాయి. ఇవాళ తినాలి, లేదంటే పారబోయాలి. తనదేమో కరెంటు పొయ్యి. అగ్గిపుల్లతో వెలిగే పాత గ్యాసు పొయ్యి కార్లీన్ ఇంట్లోనే ఉంది.

వెళ్ళి తలుపు కొడితే సగమే తెరిచిందామె.

"బాగా గాలేసింది," అంది.

"ఆఁ, బాగానే వేసింది." లోవెల్ ట్రే ముందుకు చాపాడు. "ఇది నువ్వు తీసుకో అక్కా."

టేపు మీది రాత ఆమె గుర్తుపట్టింది.

"ఏరా, మూడోసారి అడగడానికి రెండేళ్ళు పట్టిందా?"

"దారిలో ఆవులు అడ్డమొచ్చాయి."

"రెండేళ్ళా?"

"పెద్ద మంద."

కార్లీన్ పెదవి కొరుక్కుంది. "లోపలికి తగలడు. బూట్లు విప్పు, నేల తుడిచాను."

ట్రే ఉడికి బుడగలొచ్చాక ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. చెరో మూల తిన్నారు. తర్వాత కార్లీన్ తాత మూల, లోవెల్ నాన్న మూల తీసుకున్నారు. కాస్త ఫ్రీజర్ వాసన వేసింది, అయినా అమ్మ వంటే.

"పాపం అమ్మ, బతుకంతా ఈ మధ్యదే తింది," అంటూ కార్లీన్ గరిటె దించింది. పైకి లేపితే ముక్క రాలేదు. ఇంకాస్త లేపితే తీగలు తీగలుగా సాగింది.

"చీజా?" అన్నాడు లోవెల్.

"చీజేరా! కింద బేకన్ కూడా ఉంది! నాన్నకి పడదని అమ్మ ఇంట్లో చీజ్ అడుగుపెట్టనివ్వలేదు కదా!"

"మధ్యలో అడుగుపెట్టనిచ్చింది."

"ఆ నిట్టూర్పు, ఆ నిట్టూర్పు! ఆవిడ మీద జాలితో ఎన్నేళ్ళు గిన్నెలు తోమానో తెలుసా?"

"నేను ఆదివారం బడిలో ఆవిడ కోసం ప్రార్థించేవాణ్ణి. ఏదో ఒక బుధవారం అమ్మకి కూడా మూల దొరకాలని."

"దొరికితే ఏడ్చేది!"

బల్ల మీద తలవాల్చి నవ్వారిద్దరూ. కాసేపటికి కార్లీన్ కళ్ళు తుడుచుకుంది.

చివరికి ఒక్క ముక్క మిగిలింది. మావాళ్ళు చివరి ముక్క మొత్తం తినరు, సగం చేస్తారు. లోవెల్ సగం తిన్నాడు, కార్లీన్ ఆ మిగిలినదాంట్లో సగం తింది. అలా కోసుకుంటూ పోగా చెంచాడు మిగిలింది.

"తినక్కా."

"వద్దు, నువ్వు తిను."

"తిను, పరవాలేదు."

"వద్దన్నానా, నా కడుపు నిండింది."

అప్పుడే బయట హారన్ మోగింది. కరెంటు తీగలు కట్టేవాళ్ళు వచ్చినట్టున్నారు. "లోవెల్! నీ ట్రక్కు అడ్డం తియ్యి!" అని కేక వినబడింది.

లోవెల్ కుర్చీలోంచి లేవలేదు. చెంచా అక్కవైపు జరిపాడు.

"తిను," అన్నాడు.

"సరే, కొంచెం," అని కార్లీన్ మొత్తం తినేసింది.